పాల జ్వరం అనుకున్నారు

నా డిశ్చార్జ్ సమ్మరీలో పేరు, వయసు కింద నాలుగు లైన్లు ఉన్నాయి. గర్భస్రావం తర్వాత సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ మీద ఒళ్ళు అదుపు తప్పి తన అవయవాలనే పాడుచేసుకోవడం. సెప్టిక్ షాక్, అంటే దాంతో బీపీ బాగా పడిపోవడం. కిడ్నీలు పనిచేయకపోవడం. ఊపిరితిత్తులు దెబ్బతిని వెంటిలేటర్ పెట్టడం. మా చుట్టాలకి తెలిసింది మాత్రం ఒకటే, "ఆ అమ్మాయికి అబార్షన్ అయింది, పాపం బాగా నీరసపడిపోయింది." ఓపిక లేక నేనూ పోనీలే అని ఊరుకున్నాను. కానీ ఈమధ్య సత్తెనపల్లి నుంచి వరసకి వదినయ్యే ఆవిడ ఫోన్ చేసి, వాళ్ళ చెల్లెలికి మూడో నెలలో గర్భం పోయిందని, రెండు రోజుల నుంచి చలిజ్వరమని, కషాయం పడుతున్నామని చెప్పి, "నీక్కూడా ఇలాగే వచ్చింది కదా, ఎన్నాళ్ళకి తగ్గింది?" అని అడిగింది. ఎన్నాళ్ళకి తగ్గిందట! నేను ఫోన్లోనే గొంతు పెంచి, ఇప్పుడే బండెక్కించి గుంటూరు తీసుకురండి వదినా, రేపు కాదు అన్నాను. తెచ్చారు. లోపల మిగిలిపోయిన ముక్క తీసేసి, యాంటీబయాటిక్స్ ఎక్కించి పంపించారు, ఆ పిల్ల ఇప్పుడు బాగానే ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

నాకు ఐదో నెల. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఆ రోజు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. మా దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లోనే (పేరు అడగొద్దు, రాయను) మాత్రలు పెట్టారు, తెల్లవారుజామున అయిపోయింది, మాయ మాత్రం ముక్కలుగా వచ్చింది. మళ్ళీ స్కాన్ తీసి, "కొంచెం మిగిలినట్టుంది, బ్లీడింగ్‌లో అదే పోతుందిలే" అన్నారు. చాలామందికి నిజంగానే పోతుందట, కాబట్టి ఆ మాటని నేను తప్పు పట్టను. నా కోపమంతా ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితం మీద. ఐరన్ మాత్ర ఎప్పుడు, కాల్షియం ఎప్పుడు, పాలతోనా నీళ్ళతోనా, అన్నీ ఉన్నాయి. ఏం జరిగితే పరుగెత్తుకుని రావాలో ఒక్క ముక్క లేదు.

మూడో రోజు జ్వరం మొదలైంది. ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో కారణం. నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేస్తే అటువైపున్న అమ్మాయి, మాత్రల ప్రభావం, డోలో వేసుకోమంది. అమ్మేమో పాల జ్వరం అంది, ఎందుకంటే నాకు అప్పటికే పాలు పడ్డాయి. ఐదో నెలలో పోయినా పాలు పడతాయని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, జాకెట్టు తడిసినప్పుడు ఏడ్చిన ఏడుపు మొత్తం జబ్బులో ఇంకెప్పుడూ ఏడవలేదు. అమ్మ గుడ్డతో గట్టిగా కట్టింది. అత్తయ్య దిష్టి తీసింది. మే నెల గుంటూరులో ఫ్యాను ఆపేసి, చెవుల్లో దూది పెట్టి, రగ్గు కప్పి పడుకోబెట్టారు, నేను ఆ రగ్గు కింద పళ్ళు టకటకలాడుతూ వణుకుతున్నాను.

తర్వాత తెలుసుకున్నది చెప్తాను. నాకు పెట్టినలాంటి మిసోప్రోస్టాల్ మాత్రలకి చలి, జ్వరం రావడం నిజమే, కానీ అది వేసిన కొన్ని గంటల్లో వచ్చి ఆ రోజుకే తగ్గిపోవాలి. ఒక రోజు దాటాక 100.4 పైన జ్వరం ఉంటే, లేదా కొత్తగా మొదలైతే, దాన్ని మాత్రల మీదకి నెట్టకూడదు. పాల జ్వరం ఉంటే కొద్దిగా ఉంటుంది, రొమ్ములు రాయిలా ఉంటాయి, పాలు తగ్గేకొద్దీ తగ్గుతుంది, అంతేగానీ దానికి చేతులు చల్లబడి మనిషి ఆయాసపడదు. ఇంకో మాట, సెప్సిస్‌లో జ్వరం ఉండి తీరాలని కూడా లేదు. కొందరికి ఒళ్ళు మామూలు కంటే చల్లబడుతుంది. నాకు ఆ సాయంత్రం జ్వరం దిగినట్టే అనిపించింది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. అది తగ్గడం కాదు.

మా వీధి చివర ఒక నర్సమ్మగారు ఉంటారు, ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరయ్యారు. రాత్రి భోజనాలయ్యాక పలకరించడానికని వచ్చారు. వచ్చి మంచం పక్కన కూర్చుని ముందు నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూశారు, ఏం మాట్లాడలేదు. తర్వాత నా బొటనవేలి గోరు గట్టిగా నొక్కి వదిలారు. మామూలుగా అయితే నొక్కినప్పుడు తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలోపే మళ్ళీ ఎర్రబడాలి, మీరూ ఇప్పుడు నొక్కి చూసుకోండి. నాది తెల్లగా అలాగే ఉండిపోయిందట. దుప్పటి తీసి మోకాళ్ళు చూశారు, చర్మం మీద ఊదా రంగులో వలలాగా మచ్చలు. "ఒంటికెప్పుడు వెళ్ళావమ్మా?" అని అడిగారు. నేను పొద్దున అన్నాననుకుంటా. "ఇవాళ ఏం వారం?" అన్నారు. నేను దానికి సమాధానంగా బస్సు టైమ్ అయిపోయిందని చెప్పానని అక్క అంటుంది. ఆవిడ లేచి, "అమ్మాయ్, ఇది పాల జ్వరమూ కాదు, పాడూ కాదు, 108కి ఫోన్ చెయ్యండి, చిన్న ఆసుపత్రులకి వద్దు, వెంటిలేటర్ ఉన్న చోటికే పొమ్మనండి" అన్నారు. పెద్ద పరికరాలేం లేవు. ఆవిడ చూసింది నాడి, గోరు, ఊపిరి, ఒంటికి పోవడం, మతి. మా ఇంట్లో చదువుకున్నవాళ్ళం ఇంతమంది ఉండి థర్మామీటర్ ఒక్కటే పట్టుకు కూర్చున్నాం.

క్యాజువాలిటీలో బీపీ 70 బై 40, నాడి 140. ఇక్కడి నుంచి నాకు గుర్తున్నది తక్కువ, మిగతాదంతా అక్క చెప్పింది, అక్క రాసి పెట్టింది. ఎల్ఐసీ వాళ్ళు ఇచ్చిన పాత డైరీ ఒకటి బ్యాగులో ఉంటే, డాక్టర్లు చెప్పే మాటలు ఒక్కటీ అర్థం కాక, అర్థం కాకపోయినా మర్చిపోకూడదని, అందులో రాయడం మొదలుపెట్టింది. స్పెల్లింగులు ఘోరం. "నార్ అడ్రినల్ అనే మందు, గుండెకి కాదట, రక్తనాళాలకట, తగ్గిస్తే మంచిదట" అని ఒక పేజీలో ఉంది.

రెండు చేతులకీ సూదులు పెట్టారు, ఏ క్రిమో తెలుసుకునే కల్చర్ పరీక్ష కోసం సీసాల్లో రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. షాక్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుపట్టిన గంటలోపు మొదటి డోసు పడాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. సెలైన్ కిలో బరువుకి 30 మిల్లీలీటర్లు, అంటే నా 55 కిలోలకి లీటరున్నర పైనే, మొదటి మూడు గంటల్లో. లాక్టేట్ అనే పరీక్ష చేశారు, ఒంట్లో కణాలకి ఆక్సిజన్ అందడం లేదని చెప్పేది అదే, 2 దాటకూడదు, నాది 6 దాటింది. సెలైన్‌తో బీపీ లేవకపోతే అక్క రాసుకున్న ఆ నార్ అడ్రినలిన్ మెడ దగ్గర లైను వేసి సిరంజి పంపుతో చుక్క చుక్కగా పెట్టారు.

ఐసీయూ డాక్టరుగారు మా ఆయనకి చెప్పింది ఇదీ: సూక్ష్మక్రిములు ఎంత చెడ్డవో, వాటి మీద ఒళ్ళు అదుపు తప్పి చేసే యుద్ధం కూడా అంతే చెడ్డది, ఆ యుద్ధంలో తన అవయవాలనే తను పాడుచేసుకుంటుంది, దాన్నే సెప్సిస్ అంటాం అని. (పాతవాళ్ళు సివియర్ సెప్సిస్ అని విడిగా అనేవారట, 2016 నుంచి ఆ మాట తీసేశారు, అవయవం దెబ్బతింటేనే సెప్సిస్ అంటున్నారు.) మా ఆయన, "పొద్దున కూడా మాట్లాడిందండీ, కాఫీ తాగింది" అన్నాడట. వయసులో ఉన్నవాళ్ళతో వచ్చే చిక్కే అది. గుట్టుగా అప్పులు చేసి సంసారం నెట్టుకొచ్చే ఇల్లులాగా చివరి దాకా బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, అప్పులవాళ్ళు తలుపు కొట్టే రోజుకి గానీ సంగతి తెలియదు.

కానీ ఎన్ని మందులు పోసినా, మూలం లోపల ఉన్నంతసేపు లాభం లేదు. మిగిలిపోయిన మాయ ముక్క కుళ్ళి అక్కడి నుంచే రక్తంలోకి విషం ఎక్కుతోంది. బీపీ కాస్త నిలబడగానే అదే రాత్రి థియేటర్‌కి తీసుకెళ్ళి గర్భసంచి శుభ్రం చేయాలన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రక్తం గడ్డకట్టే గుణం పోతోంది, కోస్తే ఆగుతుందో లేదో తెలియదు, కొయ్యకపోతే బతకను. ఆ సంతకాల కాగితంలో "అవసరమైతే గర్భసంచి తొలగించుటకు" అన్న లైను మీద మా ఆయన పెన్ను ఆగిపోయిందట. పక్కనే ఉన్న అత్తయ్య, పొద్దున్నే దిష్టి తీసిన అత్తయ్య, "చెయ్యి నాయనా, పిల్ల దక్కితే చాలు" అన్నారు. మా ఇద్దరికీ పడదని ఇంతకుముందు కొన్నిసార్లు రాశాను, ఇది కూడా రాయడం న్యాయం. గర్భసంచి తీయాల్సిన అవసరం పడలేదు.

కల్చర్ రిపోర్టులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం. అదృష్టం కొద్దీ మొదటి రాత్రే వేసిన మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ దానికి పనిచేసేదే.

బయట మావాళ్ళ బతుకు వేరే. గుంటూరు కొత్తపేట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వీధి పొడుగునా ఆసుపత్రులు, మందుల షాపులు, ల్యాబులు, నరసరావుపేట నుంచీ పిడుగురాళ్ళ నుంచీ వచ్చి మెట్ల మీద పడుకునే జనం. ఐసీయూ తలుపు తెరిచి సిస్టరు "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే అక్కడున్న పదిమందీ ఒకేసారి లేచి నిలబడతారట, పేరు విన్నాక ఒక్కరు ముందుకెళ్తారు, మిగతావాళ్ళు కూర్చుంటారు. ప్లేట్‌లెట్ల కోసం వాట్సాప్‌లో పెడితే మా నాన్న ఎన్నడూ చూడని ఇంజనీరింగ్ పిల్లలు బైకుల మీద వచ్చి ఇచ్చి వెళ్ళారు, ఒకడైతే ఫ్రూటీ కూడా తీసుకోలేదట. నగలు కుదవకి వెళ్ళాయి. అమ్మ పెదకాకాని శివయ్యకి మొక్కుకుంది, ఎదురింటి బేగం ఆంటీ అదే ఊళ్ళో బాజీబాబా దర్గాలో మొక్కుకుంది, ఇద్దరి మొక్కులూ ఒక్క ఆటోలో తీర్చి వచ్చాం.

ఇక లోపల నేను. వెంటిలేటర్ గొట్టం నోట్లో ఉంటే నొప్పి, భయం తెలియకుండా మత్తు ఇస్తారు, మత్తు తగ్గిస్తూ తెలివిలోకి తెస్తుంటే మనసు మాత్రం వేరే ఎక్కడో ఉంటుంది. నన్ను మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టారని నాకు గట్టి నమ్మకం. నాన్న అలాంటి చోటే గుమాస్తాగా చేశారు, చిన్నప్పుడు కేరేజీ ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. అదే చలి, అదే ట్యూబులైట్లు, మెషీన్ల మోత. పక్క మంచాలన్నీ నాకు బస్తాలే. సిస్టర్లు లాట్ నంబర్లు రాసుకుంటున్నారు, నా లాట్ పాడైపోయింది, బయట పారబోస్తారు, అంతలోపు పారిపోవాలి. చేతులు బ్యాండేజీతో మంచానికి కట్టేశారు, గొట్టం లాక్కుంటానని. ఎందుకు కట్టారో వాళ్ళు చెప్పే ఉంటారు, నాకు మాత్రం దొంగని కట్టేసినట్టే ఉంది. దీన్ని డెలీరియం అంటారు, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చాలామందికి వస్తుంది, పిచ్చి కాదు. మా నానమ్మ ఐతే సంధి అంది, పూర్వం బాలింతలకి సంధి కొడితే ఆశ వదిలేసుకునేవాళ్ళమని కూడా అంది. ఒక మలయాళీ సిస్టరు తడి గాజుగుడ్డతో నా పెదాలు తుడుస్తూ ప్రతిసారీ "ఇది హాస్పిటల్, నీ పేరు ఇది, మీ అక్క బయట ఉంది" అని వచ్చీరాని తెలుగులో చెప్పేది. ఆ అమ్మాయిని కూడా నేను నమ్మలేదు, కానీ ఆ గొంతు కోసం ఎదురుచూసేదాన్ని.

డయాలసిస్ పెట్టారు, కిడ్నీలు మెల్లగా తిరిగి పనిచేశాయి. యూరిన్ బ్యాగులో పసుపు నీళ్ళు చూసి మా ఆయన స్వీట్ బాక్స్ తెచ్చాడట, నిజం.

ఇంటికొచ్చాక ఫోన్‌లో వెతుకుతుంటే సవితా హలప్పనవర్ గురించి కనబడింది. బెళగావి అమ్మాయి, పళ్ళ డాక్టరు, ఐర్లండ్‌లోని గాల్వేలో ఉండేది. 17 వారాలకి గర్భం నిలవదని తేలిపోయినా, బిడ్డ గుండె కొట్టుకుంటోంది కాబట్టి అక్కడి చట్టం ప్రకారం తీయడానికి కుదరదన్నారు, ఈ.కోలై సెప్సిస్‌తో 2012 అక్టోబర్ 28న పోయింది. 2018లో అక్కడి జనం ఓటేసి ఆ అడ్డు తీసేశారు. మన దగ్గర 1971 నాటి గర్భస్రావ చట్టమే తల్లి ప్రాణం మీదకి వస్తే వారాల లెక్క చూడక్కర్లేదంటుంది, కాబట్టి నాది ఆమె కథ కాదు. కానీ ఆ విచారణలో చట్టం ఒక్కటే కాదు, ఆమె నాడి, బీపీ, జ్వరం వేళకి సరిగ్గా చూడలేదని కూడా తేలింది. అది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. చట్టం అడ్డు లేని చోట కూడా నాడి పట్టుకునే మనిషి లేకపోతే అదే జరుగుతుంది.

ఇప్పుడెలా ఉన్నావంటే, బతికాను. మొదట్లో చెంబు ఎత్తలేకపోయాను, మెట్లు కూర్చుని ఎక్కాను, జుట్టు దువ్వెనతో సహా వచ్చేసింది, ప్రతి గోరు మీదా అడ్డంగా ఒక గాడి పడింది, జబ్బు రోజుల్లో గోరు పెరగడం ఆగిపోయిన గుర్తు. ఆఫీసులో లెక్కలు రెండోసారి చూడందే నమ్మకం కుదరడం లేదు. లిఫ్ట్ బీప్‌మంటే గుండె దడ. ఐసీయూ నుంచి వచ్చినవాళ్ళకి ఇవన్నీ మామూలేనట, నెలల తరబడి ఉంటాయట. డిశ్చార్జ్ అప్పుడు ఫిజియోథెరపీ గురించి చెప్పారు, మనసు సంగతి ఎవరూ ఎత్తలేదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి నేనే వెళ్ళాను, అమ్మకి తెలిస్తే బాధపడుతుందని మొదట్లో చెప్పలేదు.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "పెద్ద ప్రాణం దక్కింది, అదే పదివేలు." మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట పడ్డాక ఇంక చిన్న ప్రాణం గురించి మాట్లాడే వీలుండదు. నేను చావు దాకా వెళ్ళి రావడం వల్ల నా బిడ్డ పోవడం అనేది అసలు జరగనట్టే అయిపోయింది. ఎవరూ అడగరు. నేనూ కోలుకునే పనిలో పడి అడగలేదు. ఒకరోజు రాత్రి మా ఆయన్ని అడిగాను, ఎక్కడ పెట్టారు అని. నాన్నా, తనూ వెళ్ళి ఎక్కడ పెట్టారో, మీద ఏ గుడ్డ కప్పారో చెప్పాడు. మగవాళ్ళిద్దరూ అప్పటిదాకా దాని గురించి ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోలేదట. ఆడపిల్ల అని కూడా అప్పుడే తెలిసింది. అంతకంటే ఇక్కడ రాయను.

"మళ్ళీ ఎప్పుడు?" అనే వాళ్ళకి మాత్రం ఇప్పుడు జవాబు సిద్ధంగా పెట్టుకున్నా. నెలసరి చాలా తక్కువగా వస్తోంది, ఇన్ఫెక్షన్ వల్లా, శుభ్రం చేయడం వల్లా లోపలి పొరలు అతుక్కుని ఉండొచ్చని డాక్టరుగారి అనుమానం. హిస్టెరోస్కోపీ చేసి, అంటే సన్నటి కెమెరా పెట్టి లోపల చూసి, అతుకులుంటే విడదీస్తారట. వచ్చే నెలలో డేట్ ఇచ్చారు. ఈసారి సంతకం నేనే పెడతాను, ఇంటికి పంపేటప్పుడు ఏమేం చూసుకోవాలో, అర్ధరాత్రి ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇవ్వమని ముందే అడిగేశాను, ఆవిడ నవ్వి రాసిచ్చారు. చేయించుకున్నాక ఏం తేలిందో రాస్తాను.